బావ రికార్డులు అమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న దాచిన గ్రామఫోన్ రికార్డులు ఇప్పుడే అమ్మెయ్యాలా, ఇంకో ఇరవై ఏళ్లు ఉంచితే రేటు పెరుగుతుందా అని అడిగావు. నలభై ఏళ్లుగా వీటితోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

పాతదైనంత మాత్రాన ధర రాదమ్మా. కావాలనే మనిషి ఉండాలి. ఆ మనిషి చాలాసార్లు తన పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో విన్న పాట కోసమే వెతుకుతాడు. ఆ తరం చేతిలో డబ్బు ఆడే రోజుల్లో ధర లేస్తుంది, ఆ తరం వెళ్లిపోతే దిగుతుంది. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డులు రాకముందు లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులే చూడు. అంత పాతవైనా వాటిలో చాలావాటిని అడిగే నాథుడు లేడు. అందుకే ఒక్కో రికార్డు పట్టుకుని, ఈ గొంతును ఇప్పటి పిల్లలు కూడా వింటున్నారా అని ఆలోచించు. వింటుంటే ఉంచు.

తర్వాత అది ఏ అచ్చో, అంటే ఏ విడతలో తయారైందో చూడు. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకో. గాడులు అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి పట్టీ మీద సన్నటి అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. కొన్ని అచ్చు గుద్దినవి, కొన్ని చేత్తో గీసినవి. అదే దాని పుట్టుమచ్చ. అట్టను నమ్మకు, లోపలి రికార్డు మారిపోయి ఉండొచ్చు. 1968లో ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ తెల్ల అట్ట ఆల్బం మీద వరుస నంబర్లు వేశారు. ఆ బ్యాండులో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ దగ్గరున్న మొదటి నంబరు కాపీ 2015 వేలంలో 7,90,000 డాలర్లు పలికింది. అదే ఆల్బం మామూలు కాపీలు దాని దరిదాపుల్లోకి కూడా రావు. వార్తల్లో అలాంటి ధర చూసి ఆశ పెట్టుకోకు.

నా వల్ల జరిగిన నష్టం ఒకటి చెప్తాను. మీ అమ్మ మొదటి జీతంతో నాకు కొనిచ్చిన రికార్డును మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. కొన్నేళ్లకు తీస్తే పొగ పట్టినట్టు తెల్లటి మసక. ఎంత కడిగినా పోలేదు. ముల్లు పెడితే పాట వెనక సుయ్‌మని ఒకటే చప్పుడు. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. నువ్వు ఈ వారమే అలాంటి కవర్లు తీసేసి, పాలిథీన్ లోపలి కవర్లు వెయ్యి. ఒకదాని మీద ఒకటి పేర్చకు, నిలువుగా నిలబెట్టు. ఎండ తగలనివ్వకు.

ఇంకో సంగతి. మంచి మాస్టర్ టేపు, అంటే పాట అసలు రికార్డింగు ఉన్న టేపు నుంచి కొత్త అచ్చు వచ్చిందంటే, కేవలం వినడానికి కొనేవాళ్లు అటే వెళ్తారు. పాత కాపీ ధర ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి చదువుకో, పెళ్లికో ఇవి పనికొస్తాయని లెక్క వేసుకోకు. అమ్మదలిస్తే మాత్రం మొత్తం మూటకట్టి మొదట వచ్చినవాడి చేతిలో పెట్టకు. రికార్డులు కొని అమ్ముకునే వెబ్‌సైటు డిస్కాగ్స్‌లో జరిగిన అమ్మకాల ధరలు చూడు. అడుగుతున్న ధరలతో పని లేదు.

బావ తన పేరు రాసుకున్న అట్టలు కొన్ని ఉంటాయి. ఆ రాత వల్ల ధర కొంత తగ్గుతుంది, నిజమే. అయినా చెరపబోకు, అట్ట కూడా పాడవుతుంది. వాటిని విడిగా పెట్టు. నేను వచ్చాక ఇద్దరం కూర్చుని విందాం.

మీ మామయ్య