గొంతు గడ్డకు కత్తి పెట్టించే ముందు

నాయనా,

టైగర్ మొరుగు బొంగురుపోయిందనీ, గొంతు కింద నిమ్మకాయంత గడ్డ తగులుతోందనీ విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ముందు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గడ్డను రెండు వేళ్లతో మెల్లిగా కదిపి చూడు. చర్మం కింద అటూ ఇటూ జారుతోందా, లోపల అతుక్కుపోయి కదలకుండా ఉందా? థైరాయిడ్ గ్రంథిలో పుట్టిన గడ్డయి, జారుతూ ఉంటే ఆశ ఉంది. అలాంటిది తీయించాక ఏళ్ల తరబడి బతికిన కుక్కలున్నాయి. అతుక్కుంటే పక్కనే పెద్ద రక్తనాళాలు, గొంతు నరాలు ఉంటాయి కాబట్టి కత్తి పెట్టడం కష్టం. టాన్సిల్‌లో పుట్టిన క్యాన్సర్ తొందరగా పాకుతుంది, దానికి ఆపరేషన్ ఒక్కటే చాలదు.

సూదితో గడ్డలోంచి కణాలు తీసి పరీక్ష చేయకముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. మా కుక్క నల్లోడికి ఒక డాక్టరు అలాగే వేశాడు. వారంలో గడ్డ కరిగితే సంబరపడి చుట్టాలకు కూడా చెప్పుకున్నాం. తీరా అది లింఫోమా, అంటే లింఫు కణాల్లో పుట్టే క్యాన్సర్. దానికి కీమో మందులే కానీ కత్తి కాదు. ముందే పడిన స్టెరాయిడ్ వల్ల ఆ మందులకూ సరిగా లొంగలేదు. ఇప్పటికీ నాకు ఆ కడుపుమంట చల్లారలేదు.

ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయమని అడుగు. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి పోయిందో లేదో తెలియకుండా కోయించొద్దు. తెల్లవారుజామునే బయలుదేరండి. కుక్క ఒంటి వేడి చాలావరకు రొప్పుతోనే పోవాలి, గొంతు ఇరుకైనదానికి కడప ఎండ ప్రాణాంతకం. మెడ పట్టీ తీసేసి ఛాతీ బెల్టు వేయి. ఆపరేషన్ ముందు రాత్రి జాలిపడి సంగటి ముద్ద పెట్టొద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు.

థైరాయిడ్ రెండు వైపులా తీస్తే మొదటి వారమంతా కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూడు. మూతి నేలకేసి రుద్దుకున్నా, కండరాలు అదిరినా కాల్షియం పడిపోయినట్టే, అర్ధరాత్రయినా పరిగెత్తు. స్వరపేటికే తీసేయాలంటే మెడలో శాశ్వతంగా రంధ్రం పెడతారు. ఇక మొరగదు, నీళ్లలోకి దిగకూడదు, రోజుకు ఎన్నోసార్లు ఆ రంధ్రం దగ్గర చీమిడి తుడవాలి. అంత చాకిరీ మీ ఇంట్లో ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. నొప్పికి మన మాత్రలు మాత్రం వేయకు.

శనివారం నేనూ వస్తా. పాత దుప్పటి ఒకటి ఉతికి ఉంచు.

మీ పెదనాన్న