మీ ప్రశ్నలు – మా లాయర్ గారి జవాబులు: ఈ-డిస్కవరీ పని నిజంగా ఎలా ఉంటుంది

ప్రశ్న: మేడమ్ గారూ, నేను అమెరికాలో లా స్కూల్ రెండో ఏడు చదువుతున్నా. ఈ సమ్మర్ కి ఒక ఫర్మ్ వాళ్ళు నన్ను ఈ-డిస్కవరీ టీమ్ లో వేశారు. మా క్లాస్ వాళ్ళంతా అయ్యో అంటున్నారు, పొద్దస్తమానం ఎవరివో మెయిల్స్ చదువుతూ కూర్చోవడమే, కోర్టు మొహం కూడా చూడవు అని భయపెడుతున్నారు. కోర్టులో వాదించాలని లా లో చేరిన నేను ఇందులో ఉండొచ్చా?

జవాబు: ఉండండమ్మా, ధైర్యంగా ఉండండి. ఈ-డిస్కవరీ అంటే కేసుకి సంబంధించిన మెయిల్స్, చాట్లు, ఫైల్స్ చెరిగిపోకుండా కాపాడి, వెతికి, ఎదుటి పక్షానికి ఇవ్వడం. మీ క్లాస్ వాళ్ళు చెప్పేది డాక్యుమెంట్ రివ్యూ గురించి, అది ఈ పనిలో ఒక ముక్క మాత్రమే. నేనూ మొదటి రెండేళ్ళు అదే చేశా, స్క్రీన్ మీద ఒక మెయిల్ వస్తుంది, కేసుకి సంబంధించిందా కాదా, లాయర్ తో మాట్లాడిన రహస్యమా కాదా అని నొక్కి తర్వాతది తెరవాలి, గంటల లెక్కన జీతం. అక్కడే ఉండిపోతే నిజంగానే ఎదుగూబొదుగూ ఉండదు. కానీ అసలు ఈ-డిస్కవరీ లాయర్ పని మెయిల్స్ రాకముందే మొదలవుతుంది, దావా వచ్చేలా ఉందని తెలిసిన రోజునే.

అమెరికాలో సివిల్ కేసంటే ఎదుటి పక్షం అడిగిన కాగితాలు, ఈమెయిల్స్, చాట్లు మనకి నష్టం చేసేవైనా సరే ఇవ్వాలి. ఇవ్వాలంటే ముందు అవి ఉండాలి కదా. అందుకే గొడవ వస్తుందని అనిపించగానే ఎవరూ ఏమీ చెరపొద్దని కంపెనీ వాళ్ళందరికీ నోటీసు పంపిస్తాం, దాన్ని లిటిగేషన్ హోల్డ్ అంటాం. ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే లారా జుబులేక్ కేసు చదవండి. ఆవిడ యూబీఎస్ అనే బ్యాంకులో పనిచేస్తూ ఆడదాన్నని వివక్ష చూపించారని 2002లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. తనకి కావాల్సిన మెయిల్స్ బ్యాకప్ టేపుల్లో ఉన్నాయి, వాటిని బయటికి తీయడానికి చాలా ఖర్చవుతుందని కంపెనీ అంది. జడ్జి షీరా షైండ్లిన్ ముందు 5 టేపులు తీసి చూడమన్నారు, వాటిలో పనికొచ్చే మెయిల్స్ కనపడేసరికి మిగతావీ తీయమని, ఆ ఖర్చులో పావు వంతు ఆవిడని, మిగతాది కంపెనీని పెట్టుకోమన్నారు. తర్వాత తెలిసిందేంటంటే చెరపొద్దన్నాక కూడా కొందరు మెయిల్స్ చెరిపేశారు, కొన్ని టేపులు లేనే లేవు. అప్పుడు జడ్జి, పోయిన మెయిల్స్ కంపెనీకి వ్యతిరేకంగా ఉండేవేమో అని అనుకోవచ్చని జ్యూరీకి చెప్పే వీలు ఇచ్చారు. 2005లో జ్యూరీ 2 కోట్ల 90 లక్షల డాలర్లకి పైగా ఇవ్వమంది.

ఆ తీర్పుల్లో నా మనసులో నాటుకుపోయింది లాయర్ల గురించి రాసిన భాగం. నోటీసు పంపి చేతులు దులుపుకుంటే చాలదు, ముఖ్యమైన మనుషులతో స్వయంగా మాట్లాడాలి, వాళ్ళు పాటిస్తున్నారో లేదో చూస్తూ ఉండాలి అన్నారు. ఆ మాట్లాడటంలోనే అసలు పనితనం ఉందమ్మా. మీ ఫైల్స్ ఎక్కడుంటాయండీ అని అడిగితే అందరూ అన్నీ మెయిల్ లోనే అంటారు. ఒకసారి ఒక సేల్స్ మేనేజర్ ఇదే మాట చెప్తుండగా టేబుల్ మీద ఫోన్ మోగింది, ఆయన టక్కున తీసి బోర్లా పెట్టాడు. ఏమిటండీ అది అని మామూలుగానే అడిగా. ఏం లేదండీ మా టీమ్ గ్రూపు, ఊరికే సరదాకి అన్నాడు. చూపించమంటే చూపించాడు, రేట్లు తగ్గించే నిర్ణయాలన్నీ అందులోనే ఉన్నాయి, పైగా మెసేజ్ లు 7 రోజులకి వాటంతటవే పోయేలా పెట్టి ఉంది. ఆ సాయంత్రమే ఆ సెట్టింగ్ తీయించాం, ఫోన్ కాపీ తీయించాం, కానీ అప్పటికి పోయినవి పోయాయి, ఆ మాట ఎదుటి పక్షానికి మేమే ముందుగా చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచీ నేను ఫైల్స్ ఎక్కడ అని అడగడం మానేశా, నిన్న పొద్దున పనిలోకి రాగానే మొదట ఏం తెరిచారు, తర్వాత ఏం తెరిచారు అని రోజంతా చెప్పించుకుంటా.

ఇక కోర్టు సంగతి. 2006 డిసెంబర్ 1 నుంచి ఫెడరల్ రూల్స్ లో ఎలక్ట్రానిక్ సమాచారం గురించి విడిగా రాశారు, 2015లో వాటిలో రూల్ 37(ఈ), అంటే అలాంటి సమాచారం పోగొడితే ఏం చేయాలో చెప్పే రూల్, మార్చారు, దాని ప్రకారం కావాలనే పోగొట్టారని తేలితేనే, జుబులేక్ కేసులో జ్యూరీకి చెప్పినట్టు చెప్పడం లాంటి పెద్ద శిక్షలు. కావాలనే చేశారా, అజాగ్రత్తా, తగిన జాగ్రత్త అంటే ఎంత, వీటి మీద మేజిస్ట్రేట్ జడ్జిల ముందు వాదనలు జరుగుతూనే ఉంటాయి. ట్రయల్ దాకా వెళ్ళే కేసులు తక్కువ, డిస్కవరీ గొడవ లేని పెద్ద కేసు నేను చూడలేదు. మీ ఈడు లాయర్లకి నిలబడి మాట్లాడే ఛాన్స్ ముందుగా దొరికేది ఇక్కడే.

ప్రశ్న: నేను ఎనిమిదేళ్ళుగా డేటాబేస్ పనిలో ఉన్నా. ఈ ఫీల్డ్ కి రావాలంటే లా డిగ్రీ తప్పదా?

జవాబు: తప్పదని కాదండీ. డేటా సేకరణ, ప్రాసెసింగ్, డాక్యుమెంట్లు వెతికి రివ్యూ చేసే రెలటివిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫామ్ నడపడం, ప్రాజెక్ట్ మేనేజర్, ఇవన్నీ డిగ్రీ లేకుండానే చేస్తున్నారు, సీఈడీఎస్ అనే ఈ-డిస్కవరీ నిపుణుల సర్టిఫికేట్ ఉంటే ఇంటర్వ్యూలో పనికొస్తుంది. ఒక్క తేడా చెప్తా. ఎదుటి పక్షానికి ఇచ్చే జవాబు మీద, తగినంత వెతికి ఇస్తున్నామని రూల్ 26(జి) కింద లాయర్ సంతకం పెట్టాలి, తప్పైతే శిక్ష కూడా సంతకం పెట్టిన వాళ్ళకే పడొచ్చు. ఆ సంతకం మీరే పెట్టాలనిపిస్తే మూడేళ్ళు చదవండి, లేదంటే మీ అనుభవంతో ఇప్పుడే దూకొచ్చు.

ప్రశ్న: ఏఐ వచ్చాక ఈ లాయర్లు ఎందుకండీ? మా అబ్బాయి ఇందులోకి వెళ్తానంటున్నాడు, భయంగా ఉంది.

జవాబు: మీ భయం నాకు అర్థమైందండీ, కానీ ఈ ప్రశ్న కొత్తది కాదు. 1985లో బ్లెయిర్, మారన్ అని ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు రైలు ప్రమాదం కేసులో దాదాపు 40 వేల డాక్యుమెంట్లు. కంప్యూటర్ లో మాటలు వేసి వెతికించిన లాయర్లు, కావాల్సిన వాటిలో 75 శాతం కనిపెట్టేశాం అనుకున్నారు, లెక్క తీస్తే 20 శాతమే. ఎందుకంటే ప్రమాదం అన్న మాటని ఒక పక్షం వాళ్ళు వాడనే లేదు, ఘటన, సమస్య, ఇబ్బంది అని రాసుకున్నారు. 2012లో జడ్జి ఆండ్రూ పెక్, డా సిల్వా మూర్ కేసులో కంప్యూటర్ కి నేర్పించి వెతికించడం సరైన పద్ధతేనని ఒప్పుకున్నారు, అప్పుడూ లాయర్ల పని అయిపోయిందన్నారు. అవ్వలేదు, మారింది. మిషన్ పక్కన పెట్టేసిన గుట్టలోంచి కొన్ని తీసి చదివి, ఏమీ మిస్ అవ్వలేదని జడ్జికి చెప్పగలిగే మనిషి కావాలి.

మన భాష సంగతే చూడండి. ఒక కేసులో చాట్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు. డబ్బులు అన్న ఒక్క మాటనే ఒకరు రెండు బి లతో, ఒకరు ఒక్క బి తో, ఇంకొకరు మధ్యలో అచ్చులన్నీ తీసేసి రాశారు, అసలు ముఖ్యమైన చోట ఆ మాటే లేదు, ఆ పని అయ్యిందా అని ఉంది, అంతే. ఆ పని అంటే ఏ పనో ముందు వెనక నెలరోజుల చాట్ చదివితే గానీ తెలియలేదు. మీ అబ్బాయిని రానివ్వండి. టూల్స్ ఎలా పనిచేస్తాయో నేర్చుకోమనండి, శాంప్లింగ్ లెక్కలు అర్థమయ్యేంత స్టాటిస్టిక్స్ కూడా.

ప్రశ్న: నేను కొత్తగా రివ్యూ అటార్నీగా చేరా. మా క్లయింట్ తన లాయర్ కి రాసిన మెయిల్ ఒకటి నేను గమనించకుండా మామూలుదని మార్క్ చేశా, అది ఎదుటి పక్షానికి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు, నిద్ర పట్టట్లేదు. ఉద్యోగం పోతుందా?

జవాబు: పొరపాటున వెళ్ళిన మెయిల్ ని వెనక్కి తెచ్చుకునే దారి ఉందమ్మా, కంగారు పడకండి. 2008 నుంచి ఫెడరల్ కోర్టుల్లో దీనికోసమే ఎవిడెన్స్ రూల్ 502 ఉంది. కేసు మొదట్లోనే మీ వాళ్ళు 502(డి) ఆర్డర్, అంటే ఇలా ఎదుటి పక్షానికి వెళ్ళినా ఆ రహస్యం హక్కు పోదని కోర్టు ఇచ్చే ఆర్డర్, తీసుకుని ఉంటే సాధారణంగా గట్టి వాదన లేకుండానే అది వెనక్కొస్తుంది. తీసుకోకపోతే 502(బి) చూస్తారు, ముందు జాగ్రత్త పడ్డారా, తెలిసిన వెంటనే కదిలారా అని, అందుకే మీరు దాచిన ప్రతి రోజూ క్లయింట్ కి నష్టం. ఉద్యోగం గురించి నేను మాటివ్వలేను గానీ, తప్పు చెప్పిన జూనియర్ ని నేను ఎప్పుడూ తీసేయలేదు. ఆ డాక్యుమెంట్ బేట్స్ నంబర్ (ఇచ్చే ప్రతి పేజీకీ వేసే వరుస నంబర్), ఏ తేదీన ఏ సెట్ లో వెళ్ళింది, మీకెప్పుడు తెలిసింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని ఇవాళే మీ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళండి, మెయిల్ పెట్టకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి.