ఒంట్లో ప్రొటీన్లు ఉన్నాయని ఏఆర్‌టీ మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. వయసు 34, లారీ డ్రైవర్‌ని. ఏడాదిన్నర కిందట హెచ్ఐవీ అని తేలింది. అనంతపురంలో ఏఆర్‌టీ మాత్రలు తీసుకుంటూ బాగానే ఉన్నాను. మన కణాల్లోనే హెచ్ఐవీని చంపే ప్రొటీన్లు ఉన్నాయని, కోతులకు ఎయిడ్స్ రానిది అందుకేనని ఫోన్‌లో వీడియో చూశాను. అవి పెరగడానికి ఒక చూర్ణం వాడుతూ రెండు నెలలుగా మాత్రలు ఆపాను. సెంటర్‌లో మా ఊరాయన ఎదురుపడినప్పటి నుంచి అక్కడికి పోబుద్ధి కావట్లేదు. ఈ మధ్య సాయంత్రం పూట జ్వరం, ఎండకేమో. ఆ ప్రొటీన్లు పెరగాలంటే ఇంకేం తినాలి?

జవాబు: తిండి సంగతి తర్వాత. రెండు నెలలుగా మాత్రలు లేవు, సాయంత్రాలు జ్వరం అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. దాన్ని ఎండ మీదికి తోసేయకండి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఇలా జ్వరం వస్తుంటే మేం ముందు అనుమానించేది టీబీని. మిమ్మల్ని చూడకుండా టీబీయే అని చెప్పలేను, కాదని అసలే చెప్పలేను. దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా? ఉన్నా లేకపోయినా ఈ వారంలోనే తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోండి.

వీడియోలో చెప్పిన ప్రొటీన్లు నిజమే. అపోబెక్ 3జీ అని ఒకటుంది, 2002లో దాని పని బయటపడింది. వైరస్ తన జన్యు రాతను, అంటే ఆర్ఎన్ఏని, డీఎన్ఏగా రాసుకునేటప్పుడు ఇది మధ్యలో దూరి అక్షరాలు మార్చేస్తుంది, ఆ నకలు ఎందుకూ పనికిరాదు. టెథరిన్ అనేది, బయటికి పోబోయే కొత్త వైరస్‌లను గుంజకు దూడను కట్టేసినట్టు కణం అంచునే కట్టిపడేస్తుంది. ఇంత కాపలా ఉన్నా హెచ్ఐవీ ఎలా గెలుస్తోంది? దాని దగ్గర విఫ్ అనే ప్రొటీన్ ఉంది, అది అపోబెక్‌ను పట్టించి మన కణం చేతే ముక్కలు చేయిస్తుంది. టెథరిన్ పని హెచ్ఐవీదే ఇంకో ప్రొటీన్, వీపీయూ పడుతుంది. అంటే కాపలావాళ్లు తక్కువై కాదు, దొంగకు వాళ్ల గుట్టు తెలుసు కాబట్టి. చూర్ణం తిని ఆ లెక్క మార్చలేరు. ఇక కోతుల మాట. రీసస్ కోతిలోని ట్రిమ్5 ఆల్ఫా మన హెచ్ఐవీ-1ను లోపలికి రాగానే అడ్డుకుంటుంది, మనుషుల్లో అదే ప్రొటీన్ ఆ పని సరిగా చేయలేదు. అయినా హెచ్ఐవీకి చుట్టమైన, కోతుల్లో ఉండే ఎస్ఐవీ అనే వైరస్ సోకితే ఆ రీసస్ కోతికీ ఎయిడ్స్ లాంటి జబ్బు వస్తుంది.

మాత్ర ఆపితే వైరస్ మామూలుగా కొద్ది వారాల్లోనే మళ్లీ లేస్తుంది. ‘ఒంట్లో బాగానే ఉంది’ అన్న ధైర్యంతో ఆపేసి, ఆర్నెల్ల తర్వాత ఇద్దరు మోసుకొస్తే ఓపీకి వచ్చినవాళ్లను ఇక్కడ కర్నూలులో చూస్తూనే ఉన్నాను. ఒక్క నెల ముందొచ్చి ఉంటే అనిపిస్తుంది ప్రతిసారీ. బాగుండటమే ఆ మాత్రల పని కదయ్యా, అది చూసి మాత్రలే ఆపేస్తే ఎట్లా?

అలాగని ఇంట్లో మిగిలిన డబ్బా తీసి ఈ రాత్రే మొదలుపెట్టకండి. టీబీ ఉంటే దాని మందు రిఫాంపిసిన్‌తో, ఏఆర్‌టీ మాత్రల్లో ఉండే డోలుటెగ్రవిర్ మోతాదు మారుతుంది. అది సెంటర్ డాక్టర్ చూసి చెప్పాలి. చూర్ణం ఆపేసి, ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి, అది లివర్‌ను దెబ్బతీసిందేమో డాక్టర్ చూడటానికి పనికొస్తుంది. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్ మందులు వాడుతుంటే అదీ చెప్పండి, అవి డోలుటెగ్రవిర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. రెండు నెలలు ఆపానని దాచకండి. తిడతారేమో, తిట్టనివ్వండి.

అసలు మీరు సెంటర్ మానేసింది వీడియో చూసి కాదేమో, ఆ ఊరాయన ఎదురుపడ్డందుకే అనిపిస్తోంది నాకు. ఆయన అక్కడికి ఎందుకొచ్చాడో ఒకసారి ఆలోచించండి, ఆయనకూ మీ భయమే ఉండొచ్చు. మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది. అయినా ఇబ్బందిగా ఉంటే వేరే సెంటర్‌కు మార్పించమని అడగండి, లారీ మీద పోయే రోజులకు ఎక్కువ మందులూ అడగండి.

పెళ్లయిందో లేదో రాయలేదు. అయి ఉంటే ఆమెకు పరీక్ష చేయించారా? వైరస్ అదుపులో ఉన్నంత కాలం కలయికలో ఆమెకు అంటదు, ఈ రెండు నెలలకు ఆ భరోసా లేదు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు మళ్లీ సరిగా వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి. సెంటర్‌కు వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు చేయండి, డబ్బులు పడవు. జ్వరం ఎక్కువైనా, ఆయాసం వచ్చినా, తలనొప్పితో వాంతులైనా మాత్రం వారం కూడా ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.