ట్యాంకు 31 డిగ్రీలు, ఉప్పు 38: ముందు దేన్ని సరిచేయాలి?

బెజవాడలో పై అంతస్తు, 400 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), మధ్యాహ్నానికి 31 డిగ్రీలు, ఉప్పు 38 పీపీటీ (వెయ్యి పాళ్లకు 38 పాళ్లు), పగడాలు ముడుచుకుంటున్నాయి, నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తున్నాం, ఏం చేయాలని మీరు అడిగారు. ముందు ఆ పోయడం ఆపండి. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పంతా ట్యాంకులోనే మిగులుతుంది. తరుగు ఉత్త ఆర్వో-డీఐ నీళ్లతోనే (ఫిల్టరులో లవణాలన్నీ తీసేసిన నీళ్లు) పూడ్చాలి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా ఉండాలి. చాలా వంటింటి ఆర్వోల్లో మినరల్స్ మళ్లీ కలుస్తాయి, ఆ నీళ్లు వద్దు.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. అప్పుడూ 38 వస్తే రోజుకు 8 లీటర్లు తీసి అంతే ఆర్వో-డీఐ నీళ్లు పోయండి. నాలుగు రోజుల్లో 35కి దిగుతుంది. ఒక్కరోజులో దించితే పగడాలు తట్టుకోలేవు.

ఇక వేడి. సంప్ (ట్యాంకు కింద ఫిల్టరు ఉండే తొట్టి) మీద చిన్న ఫ్యాను నీటి మీదుగా వీచేలా పెడితే రెండు డిగ్రీల దాకా తగ్గొచ్చు. కానీ ఉక్కపోత రోజున ఆవిరి పెద్దగా లేవదు, ఫ్యాను తిరుగుతున్నా మీటరు కదలదు. మన కృష్ణ ఒడ్డున అలాంటి రోజులకు కొదవా? 26 దగ్గర నిలపాలంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఒక్కటే దారి. దాన్ని క్యాబినెట్‌లో దాచకండి, అది వదిలే వేడిగాలి మళ్లీ సంప్‌కే చేరుతుంది. ఐసు సీసాలు వేస్తే పొద్దునొక ఉష్ణోగ్రత, సాయంత్రమొకటి, అది ఇంకా చెరుపు. మధ్యాహ్నపు వేడికి లైట్ల వేడి తోడవకుండా అవి సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాకా వెలిగేలా మార్చండి, పైసా ఖర్చు లేదు.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద మొదట వేవ్‌మేకరు (నీటిని కదిలించే పంపు) నడవాలి. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ.