మినిమం డ్యూ కడుతూ పోతే చాలా, సెటిల్‌మెంట్ చేసుకోవాలా?

షాపులో బేరాలు లేవు, క్రెడిట్ కార్డు మీద లక్షా ఇరవై వేలు బాకీ ఉంది, నెలనెలా కట్టాల్సిన కనీస మొత్తం (మినిమం) కడుతూ లాగించనా లేక బ్యాంకుతో మాట్లాడి కొంత కట్టి మిగతాది వదిలించుకునే సెటిల్‌మెంట్ చేసేసుకోనా అని అడిగారు కదా, నన్నడిగితే రెండూ వద్దండి.

నాది వైజాగే, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్నుంచి అరకు, బొర్రా గుహలకి టూరిస్టు కారు తిప్పేవాణ్ణి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి కారు ఇంటి ముందు దుమ్ము పట్టింది, అప్పటికి కార్డు మీద 84 వేలుంది. రిజర్వ్ బ్యాంక్ మారటోరియం, అంటే వాయిదాలు కొన్నాళ్ళు ఆపుకునే వీలు, ఇచ్చింది, ముందు మే దాకా, తర్వాత ఆగస్టు దాకా, నేనేమో హమ్మయ్య ఆరు నెలలు కట్టక్కర్లేదు అనుకుని పెట్టీసుకున్నాను. వడ్డీ మాఫీ కాదని, ఆగకుండా నడుస్తూనే ఉంటుందని అప్పుడు ఎవడు చూశాడు! సెప్టెంబర్ స్టేట్‌మెంట్ చూస్తే లక్షా ఏడు వేలు. వడ్డీ మీద వడ్డీ తేడా అని తర్వాత కేంద్రం వెనక్కి ఇచ్చింది గానీ నాకు పడినవి కొన్ని వందలే.

తర్వాత మినిమం కట్టడం మొదలెట్టాను, అదింకో బుద్ధి తక్కువ పని. మీ లెక్కే చూడండి, నెలకి మూడున్నర శాతం అయితే లక్షా ఇరవైకి వడ్డీ 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756. మినిమం 5 శాతం అనుకుంటే 6,000 కడతారు, అందులో అసలుకి పోయేది 1,044 మాత్రమే. మన భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, రెండ్రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి మనం రక్తం తాగేస్తున్నాడు అంటాం.

చివరికి మా ఆవిడే గాజులు తీసి చేతిలో పెట్టింది. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి లోపు వడ్డీకి వచ్చింది, ఆ డబ్బుతో కార్డు ఒక్కసారే క్లియర్ చేశాను, గోల్డ్ లోన్ ఒకసారి రెన్యువల్ చేయించుకుని 2022లో గాజులు విడిపించాం. బంగారం లేకపోతే బాకీని ఈఎంఐ కింద మార్చమని కార్డు బ్యాంకునే అడగండి, వడ్డీ శాతం ఎంతో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే రాయించుకోండి.

సెటిల్‌మెంట్ మా బావమరిది చేశాడు, గాజువాకలో ఉంటాడు. సగానికి వదిలేశారని సంబరపడ్డాడు గానీ సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, సెటిల్డ్ అని పడింది, తర్వాత బండి లోన్‌కి వెళ్తే రెండు చోట్ల తిప్పి పంపేశారు. ఇంకే దారీ లేనప్పుడు సరే.

బాకీ వసూలు చేసే రికవరీ వాళ్ళకి భయపడకండి. పొద్దున్న 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు. మా వదినకి కూడా ఫోన్ చేసి పరువు తీశారు, కాల్ లిస్టు పెట్టి బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చాక ఆగారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంకోటి, బాకీ ఉన్నన్నాళ్ళూ ఆ కార్డుతో పెట్రోల్ కూడా కొట్టించకండి, పాత బాకీ ఉంటే కొత్తగా గీకిన దానికి కూడా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఇది నాకు బ్యాంకులో ఎవరూ చెప్పలేదు.