జెట్టును నెమ్మదిలో దారికి తెచ్చుకో: ఒక పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రిమోట్ మోడల్ విమానం, ఆ 90 మి.మీ. కరెంటు ఫ్యాన్ జెట్టు, బిగించడం పూర్తయిందని, వచ్చే ఆదివారం మొదటిసారి ఎగరేస్తానని రాశావు. గైరో (మోడల్ ఊగితే తనంతట తానే సరిచేసే పరికరం) గెయిన్, అంటే అది ఎంత గట్టిగా సరిచేయాలనే అమరిక, ఎంత పెట్టాలని కూడా అడిగావు. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది చివర్లో చేయాల్సిన పని. ముందు ఒక మాట. వేగంలో ఉన్నప్పుడు జెట్టు కాస్త తేడాగా కట్టినా ఎగురుతుంది. దాని లోపాలు ఎక్కువగా బయటపడేది నెమ్మదించినప్పుడే. అందుకే ప్రతి సర్దుబాటూ రన్‌వే మీదికి దిగే ఆ చివరి అర నిమిషాన్ని దృష్టిలో పెట్టుకుని చెయ్యి.

సీజీతో, అంటే మోడల్ బరువు సమంగా తూగే బిందువుతో, మొదలుపెట్టు. మాన్యువల్‌లో ఇచ్చిన కొలతను రెక్క మొదట్లో, బాడీకి రెండు పక్కలా టేపుతో గుర్తు పెట్టు. నీది కింది రెక్క మోడల్ కాబట్టి ఆ గుర్తుల దగ్గర తలకిందులుగా వేళ్ల మీద నిలిపి తూకం చూడు. బ్యాటరీ దాని చోట్లో ఉండాలి, కానపీ (పైలట్ గది మీది మూత) మూసి ఉండాలి. చక్రాలు దించి ఒకసారి, మడిచి ఒకసారి చూడు. ముందు చక్రం వెనక్కి మడుచుకునే రకమైతే, గాల్లో చక్రాలు లేపగానే సీజీ కొంచెం వెనక్కి జరుగుతుంది. రెండిట్లో ఏది వెనకుంటే దాన్నే లెక్కలోకి తీసుకో. మొదటి ఫ్లైటుకు గుర్తు కంటే 3 నుంచి 5 మి.మీ. ముందుకు ఉన్నా నష్టం లేదు. వెనక్కి మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా వద్దు.

సరిచేయడానికి సీసం అంటించే ముందు బ్యాటరీని జరిపి చూడు. లెక్క తేలికే: బ్యాటరీ బరువును అది జరిగిన దూరంతో గుణించి, మొత్తం బరువుతో భాగించు. 3,200 గ్రాముల మోడల్‌లో 800 గ్రాముల ప్యాక్‌ను 20 మి.మీ. ముందుకు జరిపితే సీజీ 5 మి.మీ. ముందుకు వస్తుంది. ఈ లెక్కే తిరగబడితే ప్రమాదం. టేకాఫ్‌లో ఫుల్ థ్రోటిల్ ఇవ్వగానే ప్యాక్ వెనక్కి జారాలని చూస్తుంది. వెల్‌క్రో ఒక్కదాన్నే నమ్మకు. రెండు స్ట్రాపులు కట్టి, ప్యాక్ వెనక చిన్న చెక్కముక్క అడ్డంగా అంటించు. సరైన చోటు దొరికాక ట్రే మీద పెన్నుతో గీత గీసిపెట్టు.

తర్వాత లింకేజీలు, అంటే సర్వోలను (చిన్న మోటార్లను) సర్ఫేసులకు (రెక్కల మీదా తోక మీదా కదిలే పలకలకు) కలిపే కడ్డీలు. ఇక్కడ చాలామంది ట్రాన్స్‌మిటర్‌తో (చేతిలోని రిమోట్‌తో) పని కానిచ్చేస్తారు. సర్వో సెంటర్లో ఉన్నప్పుడు దాని ఆర్మ్ పుష్‌రాడ్‌కు (ఆ కడ్డీకి) 90 డిగ్రీల్లో ఉండాలి. కుదరకపోతే ఆర్మ్ తీసి ఒక పన్ను మార్చి పెట్టు, మిగిలిన కొద్ది తేడాకు మాత్రమే సబ్‌ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్‌లో సర్వో సెంటర్‌ను జరిపే అమరిక) వాడు. పుష్‌రాడ్‌ను సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి, హార్న్‌లో (సర్ఫేస్ మీద అంటించిన కొమ్ములో) బయటి రంధ్రానికి తగిలించు. అప్పుడు సర్వో తన పూర్తి తిరుగుడు వాడుకుంటుంది, బలం పెరుగుతుంది, గేర్లలో ఉన్న ఆట సర్ఫేస్ దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతుంది. ఆర్మ్‌లో బయటి రంధ్రానికి తగిలించి, ట్రాన్స్‌మిటర్‌లో ట్రావెల్‌ను (సర్వో తిరిగే మేరను) 50 శాతానికి కుదిస్తే ఈ మూడూ తలకిందులవుతాయి. కరెంటు ఆన్ చేసి ఎలివేటర్ (తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక) అంచును వేలితో కదుపు. సర్వో కదలకుండా అంచు మాత్రం ఆడుతుంటే ఎక్కడో వదులు ఉన్నట్టే: క్లెవిస్ (కడ్డీ కొసన తగిలే కొక్కెం) పిన్ను కావచ్చు, హార్న్ రంధ్రం కావచ్చు, హింజ్ కావచ్చు.

ఆ వదులుకే అధిక వేగంలో ఫ్లట్టర్, అంటే పలక గబగబా కొట్టుకోవడం, వస్తుంది. గాల్లో జెట్టు నుంచి ఒక్కసారిగా బర్రుమనే శబ్దం వినిపిస్తే వెంటనే థ్రోటిల్ తగ్గించి, ముక్కు మెల్లగా పైకెత్తి వేగం చంపి, దింపెయ్యి. శబ్దం ఆగిపోయింది కదా అని మరో రౌండు కొట్టకు. ఆ రెండు సెకన్లలోనే సర్వో పళ్లు అరిగి ఉండొచ్చు, హింజ్ చీలి ఉండొచ్చు.

కరెంటు వైపు చూడాల్సింది కొంచెమే, అయినా వదలకు. మోడల్‌ను గట్టిగా పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుని, వాట్ మీటర్ తగిలించి, ఫుల్ థ్రోటిల్ పది సెకన్లు మించకుండా ఇవ్వు. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం) రేటింగ్ కంటే ఆంప్స్ కనీసం పది శాతం తక్కువ రావాలి. 6 సెల్స్ ప్యాక్ నిండా ఛార్జయితే 25.2 వోల్టులు. ఫుల్ థ్రోటిల్లో వెంటనే 21 కిందికి పడిపోతే ఆ ప్యాక్ జెట్టుకు పనికిరాదు. ఫ్యాన్ శబ్దం నున్నగా ఉండాలి. గరగరలాడితే బ్యాలెన్స్ అయినా తప్పింది, ఫ్యాన్ బ్లేడ్ల కొస గొట్టానికైనా రాసుకుంటోంది. ఫ్యాన్ తిరుగుతుండగా మనుషులెవరూ దాని తిరిగే గీతకు సూటిగా పక్కన నిలబడకూడదు. బ్లేడు ఊడితే వెళ్లేది అటే.

రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి, కార్బన్ రాడ్లకూ మోటారు తీగలకూ దూరంగా ఉండాలి. రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతోందో చూడడం) ఫ్యాన్ ఆపి ఒకసారి, తిప్పుతూ ఒకసారి చెయ్యి. రెండో దాంట్లో దూరం బాగా తగ్గిపోతే మోటారు రొద సిగ్నల్లోకి దూరుతున్నట్టు. ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ పోయినప్పుడు, థ్రోటిల్ సున్నాకు రావాలి. ట్రాన్స్‌మిటర్ ఆపేసి నిజంగా వస్తోందా లేదా కళ్లారా చూడు.

నేల మీద నిలబడ్డ తీరు కూడా సర్దుబాటే. పక్క నుంచి చూస్తే రెక్క సమంగానో, ముందు అంచు ఒకటి రెండు డిగ్రీలు పైకెత్తినట్టో ఉండాలి. ముక్కు కిందికి వంగి ఉంటే జెట్టు ఎంత పరిగెత్తినా లేవదు. నువ్వు ఎలివేటర్ లాగుతూనే ఉంటావు, చివరికి ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. దూకాక ఎలివేటర్ వదలకపోతే నిలువుగా లేచి స్టాల్ అయ్యి (రెక్క మోసే బలం పోయి) పడుతుంది. ముందు చక్రం ఎత్తు మార్చి దీన్ని సరిచెయ్యి. వెనక చక్రాలు రెండూ ముందు వైపు వెంట్రుకవాసి లోపలికి చూస్తుంటే పరుగు సూటిగా వస్తుంది, బయటికి చూస్తుంటే జెట్టు అటూ ఇటూ ఊగుతుంది. నోస్ వీల్ స్టీరింగ్ నువ్వనుకున్నదాంట్లో సగం చాలు.

ఇక ఎగరేయడం. గాలికి ఎదురుగా నిలిపి, ఫుల్ థ్రోటిల్‌కు మూడు సెకన్లు తీసుకుని చేరుకో. ప్రొపెల్లర్ విమానంలో తోక మీద గాలి మొదటి నుంచీ కొడుతుంది. జెట్టులో పరుగు వేగం వచ్చేదాకా ఎలివేటర్‌కు ప్రాణం ఉండదు. అందుకని ఓపిక పట్టు, మెల్లగా లాగు, లేచాక ముక్కును కొంచెం దించి వేగం పెంచుకో. మొదటి రౌండు చక్రాలు దించే ఉంచు. ఎత్తు వచ్చాక మూడింట రెండు వంతుల థ్రోటిల్‌లో, రెక్కలు సమంగా పెట్టి ట్రిమ్ చెయ్యి, అంటే స్టిక్ వదిలినా సూటిగా పోయేలా ట్రాన్స్‌మిటర్ చిన్న మీటలతో సర్దు.

తర్వాతి పని చాలామంది చేయరు. బాగా ఎత్తులో, గాలికి ఎదురుగా, చక్రాలూ ఫ్లాప్సూ (రెక్క వెనక కిందికి దిగే పలకలు) దించి, థ్రోటిల్‌ను అంచెలంచెలుగా తగ్గిస్తూ, ఎత్తు పోకుండా ఎలివేటర్ లాగుతూ రా. ఎక్కడో ఒకచోట అది లొంగిపోతుంది. ముక్కు మెల్లగా వాలిందా, ఒక రెక్క టక్కున పడిందా చూడు. వెనక్కి వాల్చిన రెక్కల జెట్టులో కొసలు ముందు స్టాల్ అవుతాయి కాబట్టి రెక్క పడడమే ఎక్కువ. పడిన రెక్కను ఎయిలరాన్‌తో (పక్కలకు వంచే రెక్క పలకతో) ఎత్తబోకు, ఇంకా పడుతుంది. ముక్కు దించి, పవర్ ఇచ్చి, రడ్డర్‌తో (తోక మీది నిలువు పలకతో) నిలబెట్టు. ల్యాండింగ్‌లో ఏ వేగం కిందికి పోకూడదో నీ కంటికి ఇప్పుడు తెలుస్తుంది. మాన్యువల్లో దొరకని కొలత ఇదొక్కటే.

ఫ్లాప్స్ దించగానే ముక్కు పైకి లేపే జెట్లున్నాయి, కిందికి వంచేవీ ఉన్నాయి. ఊహించి మిక్సింగ్ (ఫ్లాప్స్‌తోపాటు ఎలివేటర్ తనంతట కదిలే అమరిక) పెట్టకు. ఇదే ఎత్తులో ఫ్లాప్స్ దించి, సమంగా ఎగరడానికి ఎలివేటర్ ఎంత కావాల్సి వచ్చిందో చూసి, దిగాక అంతే మిక్స్ చెయ్యి. ఫ్లాప్స్ దిగడానికి రెండు సెకన్ల స్లో పెట్టు, ఎలివేటర్ మిక్స్‌కూ అంతే. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే జెట్టు ఎగుడుదిగుడుగా వస్తుంది.

రెండో మూడో ఫ్లైట్ నుంచి అసలు ట్యూనింగ్ మొదలు. జెట్టుకు వేగాల మధ్య తేడా చాలా ఎక్కువ కాబట్టి, ఒక వేగంలో సరిపోయిన ట్రిమ్ ఇంకో వేగంలో తేడా చూపిస్తుంది. ఏ తేడా ఎక్కడ కనిపిస్తోందన్న దాంట్లోనే కారణం దొరుకుతుంది. ట్రిమ్ చేసిన జెట్టు నెమ్మదిస్తే ఎడమ రెక్క దిగుతోంది, ఫుల్ స్పీడులో కుడివైపుకు పోతోంది అనుకో. ఎడమ రెక్క బరువు ఎక్కువ. వేగం మారినా బరువు మారదు, దాన్ని మోయడానికి పెట్టిన ఎయిలరాన్ ట్రిమ్ బలం మాత్రం వేగంతోపాటే పెరుగుతుంది. కుడి రెక్క కొసన కొన్ని గ్రాములు పెట్టి, ట్రిమ్ వెనక్కి తిప్పు. అన్ని వేగాల్లో అదే ట్రిమ్ సరిపోతుంటే అది రెక్కలో వంకర, ట్రిమ్‌తోనే పోనివ్వు.

ముక్కు విషయంలోనూ ఇదే సూత్రం. సగం థ్రోటిల్‌లో సమంగా ఉన్న జెట్టు వేగం పెంచగానే పైకి ఎక్కుతోందంటే, ముందు బరువును ఎలివేటర్ అప్ ట్రిమ్ మోస్తోందని మొదటి అనుమానం. దాన్ని ఇంకో పరీక్షతో ఖాయం చేసుకో. ముప్పావు థ్రోటిల్‌లో 45 డిగ్రీల కోణంలో పైకి పోతూ, సగం రోల్ చేసి తలకిందులు చెయ్యి, స్టిక్ వదిలెయ్యి. ముక్కు నింపాదిగా కిందికి వాలితే సీజీ బాగుంది. వెంటనే వంగిపోతే ముందు బరువు ఎక్కువ. అదే గీతలో పోతూనే ఉంటే అంచుకు వచ్చేశావు, ఇంక వెనక్కి జరపకు. దానంతట అదే పైకెక్కితే దింపి, ప్యాక్‌ను ముందుకు తెచ్చాకే మళ్లీ లేపు. బ్యాటరీని ఒక్కోసారి 5 మి.మీ. మాత్రమే జరుపు, అదే ఫ్లైట్‌లో ఇంకేదీ మార్చకు. రెండు మార్చితే దేనివల్ల బాగుపడిందో తేలదు. ముందు బరువు ఎక్కువైతే భద్రమే కదా అంటారు కానీ, అలాంటి జెట్టు ల్యాండింగ్‌లో ముక్కు ఎత్తనంటుంది, వేగంగా దించాల్సి వస్తుంది, ముందు చక్రం విరుగుతుంది.

ఇప్పుడు గైరో. అది లేకుండా జెట్టు నీ చేతికి లొంగి బాగా ఎగిరాకే ఆన్ చెయ్యి. లేకపోతే సీజీ తప్పునూ లింకేజ్ వదులునూ అది కప్పేస్తుంది, గైరో ఆపిన రోజున అన్నీ ఒకేసారి బయటపడతాయి. ముందు దిశ చూడు: మోడల్‌ను చేత్తో కుడివైపుకు వంచితే కుడి ఎయిలరాన్ కిందికి దిగాలి, ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. తిరగబడి ఉంటే టేకాఫ్‌లోనే పోతుంది. గెయిన్ తక్కువలో మొదలుపెట్టి ఫుల్ స్పీడులో పెంచుకుంటూ పో. రెక్కలు గబగబా వణికితే అక్కడి నుంచి మూడో వంతు తగ్గించి ఆపు. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే అమరిక) 20, 30 శాతం మధ్య ఉంటే చాలు.

ల్యాండింగ్‌లో ఒక్కటి గుర్తుంచుకో: ఎలివేటర్ వేగానికి, థ్రోటిల్ ఎత్తుకు. ఎత్తు తక్కువవుతోందని స్టిక్ లాగావా, వేగం చస్తుంది. ఫ్యాన్ పుంజుకోవడానికి క్షణం పడుతుంది, పుంజుకున్నా జెట్టు వేగం అందుకోవడానికి ఇంకొంత పడుతుంది. అందుకే చివరి మలుపు నుంచి మూడో వంతు థ్రోటిల్ ఉంచి, రన్‌వే మొదలు దాటాకే పూర్తిగా తియ్యి. ఎక్కువ జెట్లు పడేది ఆ చివరి మలుపులోనే. ముందే దూరంగా పోయి, వెడల్పుగా, రెక్కను ఎక్కువ వాల్చకుండా తిరుగు. మళ్లీ లేపాలనిపిస్తే మలుపు అయిన వెంటనే నిర్ణయించుకో, నేలకు మీటరు ఎత్తులో కాదు. దిగాక ఎగిరిపడితే ఎలివేటర్‌తో తరమకు, కొంచెం పవర్ ఇచ్చి పట్టుకో.

టైమర్ మొదటిసారి రెండున్నర నిమిషాలు. ఛార్జర్ ఎంత తిరిగి ఎక్కించిందో చూడు. 5,000 ఎంఏహెచ్ ప్యాక్‌లో మూడు నిమిషాలకు 3,600 పోతే నిమిషానికి 1,200. నువ్వు వాడదగింది 80 శాతం, అంటే 4,000. మూడు నిమిషాల ఇరవై సెకన్లు వస్తుంది. ఒకసారి మళ్లీ లేపుకోవడానికి మిగల్చాలి కాబట్టి టైమర్ మూడు దగ్గరే పెట్టు.

టర్బైన్ (ఇంధనంతో నడిచే నిజమైన జెట్ ఇంజన్) కొంటానంటున్నావు, ఏడాది ఆగు. ఐడిల్ నుంచి ఫుల్ పవర్‌కు దానికి కొన్ని సెకన్లు పడుతుంది, పైన చెప్పిన థ్రోటిల్ ముచ్చట అక్కడ రెట్టింపు. ఇంధనం కిరోసిన్ లేదా జెట్ ఏ-1. తయారీదారు చెప్పిన పాళ్లలో, మామూలుగా 3 నుంచి 5 శాతం, టర్బైన్ ఆయిల్ కలపాలి, బేరింగులకు అదే ఆధారం. లీటరు 800 గ్రాముల లెక్కన మూడు లీటర్లంటే 2.4 కిలోలు. అందుకే సీజీని మెయిన్ ట్యాంక్ ఖాళీగా, ఎయిర్ ట్రాప్ (గాలి బుడగలను ఆపే చిన్న ట్యాంక్) నిండుగా ఉంచి చూడాలి. గొట్టంలో గాలి బుడగ వెళ్తే మంట ఆరిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి, మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పట్టుకుని ఇంకొకరు పక్కన ఉండాలి. పొడి చల్లే రకం వద్దు, ఇంజన్‌నే తినేస్తుంది. స్టార్ట్ విఫలమైతే ముక్కు పైకెత్తి లోపల నిలిచిన ఇంధనం వెనక నుంచి కారిపోయాకే మళ్లీ ప్రయత్నించాలి. దిగాక చల్లబడే దాకా స్విచ్ ఆపకూడదు.

ఆదివారం తిరిగొచ్చాక ఇవి చూడు: ఫ్యాన్ హబ్ నట్టు, చక్రాల రాడ్ల మీది గ్రబ్ స్క్రూలు (చిన్న బిగింపు మరలు), నోస్ వీల్ పిన్ను మొదటి ఫ్లైటుకే వదులవుతాయి, బిగించి లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వెయ్యి. వాడని ప్యాకులను సెల్‌కు 3.8 వోల్టులకు తెచ్చి పెట్టు. ట్రిమ్‌లు ఎటు ఎన్ని క్లిక్కులు పోయాయో రాసుకుని నాకు పంపు. దాన్ని చూసి బ్యాటరీ ఎటు జరపాలో చెబుతాను.

పెదనాన్న