టెక్ సందేహాలు: కాలువ గట్టు దారికి చిన్న హైబ్రిడ్ కారు

ప్రశ్న: మాది అమలాపురం. ఉపాధ్యాయుణ్ని, పదవీ విరమణ దగ్గర పడుతోంది. రోజూ రానుపోను 40 కిలోమీటర్లు, ఎక్కువ భాగం కాలువ గట్టు మీదుగానే, బడికి వెళ్లి వస్తాను. లండన్‌లో ఉన్న మా అబ్బాయి టయోటా యారిస్ హైబ్రిడ్ నడుపుతున్నాడు. పెట్రోలు ఖర్చే తెలియడం లేదంటాడు. అలాంటి చిన్న హైబ్రిడ్ కారు మన దారులకు, మన ఎండలకు పనికొస్తుందా? అదనంగా పెట్టే డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మాస్టారూ, హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజినుతోపాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు. ముందు మీ అబ్బాయి కారు సంగతి. ఆ యారిస్ పొడవు 3.94 మీటర్లు. నాలుగు మీటర్ల లోపే కాబట్టి చూడడానికి చిన్న కారే. కానీ ఇంజిను 1,490 సీసీ. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి అమలవుతున్న జీఎస్టీ ప్రకారం పెట్రోలు హైబ్రిడ్‌కు 18 శాతం పన్ను వర్తించాలంటే పొడవు నాలుగు మీటర్లు, ఇంజిను 1,200 సీసీ దాటకూడదు. ఏ ఒక్కటి దాటినా 40 శాతం. అలాంటి కారు ఇక్కడికి వచ్చినా చిన్న కారు ధరకు రాదు. మన షోరూముల్లో ఎక్కువగా కనిపించే స్ట్రాంగ్ హైబ్రిడ్లు, అంటే ఇంజిను ఆగి ఉన్నా మోటారుతోనే కదలగలిగేవి, హోండా సిటీ, గ్రాండ్ విటారా, హైరైడర్ వంటివి. అవన్నీ నాలుగు మీటర్లు దాటినవే. గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవలసింది మీరే కనుక, కారు వెడల్పు కూడా కాగితం మీద చూసి వదిలేయకండి.

హైబ్రిడ్ అన్న మాట దగ్గర చాలామంది మోసపోతున్నారు. అది నాకు బాధ కలిగిస్తోంది. 2019లో వచ్చిన బాలెనోలో ఒక రకానికి స్మార్ట్ హైబ్రిడ్ అని పేరు. పాత కార్ల బజారులో ఇప్పటికీ ఆ పేరు చెప్పి ధర పెంచుతున్నారు. అది మైల్డ్ హైబ్రిడ్. అందులోని చిన్న మోటారు ఇంజినుకు కాస్త చేయూతనిస్తుంది, అంతే. చక్రాలను ఒంటరిగా తిప్పలేదు. మంచి కారే కావచ్చు, కానీ మీ అబ్బాయి చెబుతున్న కారుకు, దీనికి పోలిక లేదు. బేరం మొదలు పెట్టే ముందే అడగండి: ఇంజిను ఆగిపోయి ఉండగా ఈ కారు కదులుతుందా?

ఇక అసలు విషయం. స్ట్రాంగ్ హైబ్రిడ్ పెట్రోలు ఆదా చేసేది ముఖ్యంగా బ్రేకు దగ్గర. మామూలు కారులో బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఆ వేగమంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి, ఆ వేగంలో కొంత భాగాన్ని బ్యాటరీలో దాస్తుంది. మళ్లీ కదిలేటప్పుడు, మెల్లగా పాకేటప్పుడు దాన్నే వాడుకుంటుంది. ఇంజిను ఎక్కువ తాగే సమయాల్లో దాన్ని ఆపేస్తుంది. ప్లగ్గు పెట్టి చార్జి చేసే పని లేదు.

కాబట్టి కారును కొలిచే ముందు మీ దారిని కొలవండి. రేపు బడికి వెళ్తూ ఎన్నిసార్లు బ్రేకు వేశారో లెక్కపెట్టండి. మన డెల్టాలో ఊరు అయిపోయిందనుకునేలోపే ఇంకో ఊరు వస్తుంది. స్పీడు బ్రేకరు, బడి, లాకుల దగ్గర ఇరుకు వంతెన, రోడ్డుకు అడ్డంగా గేదెలు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. పెట్రోలు కారుకు ఇది శిక్ష. హైబ్రిడ్‌కు మాత్రం సరిగ్గా సరిపోయే దారి. అదే కారు రావులపాలెం నుంచి తణుకు దాకా జాతీయ రహదారి మీద ఒకే వేగంతో వెళ్తే ఆదా బాగా తగ్గిపోతుంది. అక్కడ దాచుకోవడానికి బ్రేకే పడదు.

ఎండ సంగతి కూడా అడిగారు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసరు కరెంటుతో తిరుగుతుంది కాబట్టి, రైల్వే గేటు దగ్గర ఇంజిను ఆగినా చల్లదనం ఆగదు. అయితే గ్రాండ్ విటారా తరహా కారులో బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లే. మే నెల మధ్యాహ్నం కొద్ది నిమిషాలకే ఇంజిను తనంతట తాను లేచి, కాసేపు చార్జి చేసి మళ్లీ ఆగుతుంది. అది లోపం కాదు.

డబ్బు లెక్కకు వద్దాం. ప్రకటనల్లో లీటరుకు 27.97 కిలోమీటర్ల వంటి అంకెలు ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఏసీ ఆపి కొలిచినవి. మీ లెక్కకు కాస్త తగ్గించి, హైబ్రిడ్‌కు లీటరుకు 23, పెట్రోలు కారుకు 16 అనుకుందాం. ఏడాదికి 250 పని దినాలు, పైన శుభకార్యాల ప్రయాణాలు కలిపి 12,000 కిలోమీటర్లు. పెట్రోలు కారుకు 750 లీటర్లు, హైబ్రిడ్‌కు సుమారు 522. లీటరు 110 రూపాయల చొప్పున మీకు మిగిలేది ఏటా 25,000. ధరలో తేడా మూడు లక్షలైతే డబ్బు తిరిగి రావడానికి 12 ఏళ్లు. పదవీ విరమణ దగ్గర పడుతున్న మీకు ఆ లెక్క మీద కారు కొనమని నేను చెప్పలేను.

కానీ ఒక్క విషయం చూడండి. హైబ్రిడ్‌లో క్లచ్చు, గేర్లు మార్చే పని ఉండదు. అందుకని దాన్ని పోల్చవలసింది మాన్యువల్ కారుతో కాదు, ఆటోమేటిక్ పెట్రోలు కారుతో. మోకాళ్ల నొప్పుల వల్ల ఎలాగూ ఆటోమేటిక్ కొనాలనుకుంటే తేడా రెండు లక్షలకు దిగవచ్చు, అప్పుడు ఎనిమిదేళ్లు. టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ కూడా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అలాగైతే కొనండి. కాకపోతే మంచి పెట్రోలు చిన్న కారు తీసుకుని హాయిగా ఉండండి.

టెస్ట్ డ్రైవ్‌ను షోరూము చుట్టూ తిప్పి ముగించనివ్వకండి. ఇంట్లో వాళ్లను నలుగురినీ ఎక్కించి, ఏసీ వేసి, మీ గట్టు దారినే వెళ్లండి. మన దగ్గర ఎత్తు ఎక్కడమంటే వంతెన ఎక్కడమే కనుక జొన్నాడ వంతెన మీదికి గట్టిగా తొక్కి చూడండి. ఇంజిను గొంతు పెంచుతుంది గానీ వేగం నెమ్మదిగా అందుకుంటుంది. ఆ శబ్దం మీకు చికాకు తెప్పిస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఎక్కడుందో కూడా చూపించమనండి. దానికి అడ్డంగా కొబ్బరికాయల బస్తా పెట్టారంటే బ్యాటరీకి ఊపిరి ఆడదు. ఊకదుమ్ము రోజుల్లో దాని ఫిల్టరు శుభ్రం చేయించాలి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి. 40 రోజులు అమ్మాయి దగ్గర ఉండి వచ్చేసరికి హైబ్రిడ్ కారు స్టార్ట్ కావడం లేదు. అంత పెద్ద బ్యాటరీ ఉండగా ఎందుకిలా?

జవాబు: కారును మేల్కొలిపేది పెద్ద బ్యాటరీ కాదండి, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కారు ఆపగానే పెద్దది రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులతో, విడిపోతుంది. చిన్నది నీరసిస్తే కంప్యూటర్లు లేవవు, ఆ రిలేలు కలవవు. దాన్ని చార్జి చేయిస్తే సరిపోతుంది. ఈసారి ఊరెళ్లేటప్పుడు ఎవరికైనా తాళం ఇచ్చి, వారానికోసారి కారు ఆన్ చేసి, మీటరులో రెడీ దీపం వెలిగాక అరగంట ఉంచమనండి. మీ కారుతో మాత్రం ట్రాక్టరు బ్యాటరీకి ఊతమివ్వకండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరదలో హైబ్రిడ్ కారు మునిగితే షాకు కొడుతుందా?

జవాబు: ఎక్కువ వోల్టేజీ తీగలు నారింజ రంగులో, బాడీకి తగలకుండా ఉంటాయి. లీకు కనిపిస్తే వ్యవస్థ కరెంటును తెంచేస్తుంది. అయినా మునిగిన కారును ఆన్ చేయవద్దు, ఆ తీగలు ముట్టుకోవద్దు. ముందు చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగవద్దు, చక్రాలతోపాటు మోటారు తిరిగి కరెంటు పుడుతుంది. లారీ మీదికి ఎక్కించాల్సిందే. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకు రెండో ప్రమాద హెచ్చరిక, 17.75కు మూడోది ఇస్తారు. రెండోది వినగానే కారును ఏటిగట్టు అవతలికి చేర్చండి. బీమా కట్టేటప్పుడు ఇంజిను రక్షణ అదనపు పాలసీలో హైబ్రిడ్ బ్యాటరీ ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.